పాత గీత – క్రొత్త గీత

పటము మారినపుడు ఆ మార్పు తనంతట తాను బయటపడదు. వ్రాతప్రతిలో ఒక పదమును కొట్టివేసి మరియొక పదము వ్రాసినచో కొట్టివేత కనిపించును. పద్దులో ఒక అంకె దిద్దినచో దిద్దుబాటు కనిపించును. క్రొత్తగా గీచిన పటము పాతదాని చోట వచ్చి కూర్చున్నపుడు మాత్రము, దానిలోని ప్రతి గీతయు మొదటినుండి అచ్చటనే యున్నట్లు నిబ్బరముగా నుండును. ఒక రహదారి అంచు పది అడుగులు జరిగినను, ఒక తూము గట్టునకు ఆవలికి పోయినను, ఒక సర్వే నంబరు రెండు ముక్కలైనను, ఆ ఒక్క పటమును చూచువానికి తెలియదు. తెలియుటకు పాత పటము కావలెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచుట ఒక పద్ధతి. ఒకదానిపై నొకటి పఱచి, రెంటికి రెండు రంగులిచ్చి చూచుట మరియొక పద్ధతి. నేడు ఇంజనీర్లు కంప్యూటరు తెరమీద నిత్యము చేయుచున్నది ఈ రెండవ పనియే.

ఇది కార్యాలయములలో పనిచేయువారి సౌకర్యమునకు సంబంధించిన చిన్న విషయముగా తోచవచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవంటి చోట్ల దీనికి మరియొక ముఖము కలదు. ఇచ్చట నేలమీద గీతలు మాటిమాటికి మారినవి. నిజాము కాలపు సర్వే గీతలమీద నాగార్జునసాగరు ఎడమ కాలువ గీత పడినది. దాని ప్రక్కన జాతీయ రహదారి గీత పడి, తరువాత వెడల్పైనది. పట్టణములు పెరిగి చెలకలను ప్లాట్లుగా చీల్చినవి. ప్రతి క్రొత్త గీత క్రిందను ఎవరిదో ఒకరి భూమి యున్నది. అందుచేత పాత గీతకును క్రొత్త గీతకును గల తేడాను చూడగల నేర్పు ఈ ప్రాంతమున అన్నవస్త్రములకు సంబంధించిన విషయము.

గొలుసు కొలిచిన నేల

హైదరాబాదు సంస్థానమున మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలములో, 1875 ప్రాంతమున, భూముల సర్వే కొఱకు ప్రత్యేక శాఖ ఏర్పడెను. ఆ శాఖవారు పొలములను కొలిచిన గొలుసు పొడవు 33 అడుగులు. దానిని రూపాయివలె పదునాఱు అణాలుగా భాగించిరి. ఒక అణా యనగా రెండడుగుల ముప్పాతిక అంగుళము. నాలుగు వైపుల ఒక్కొక్క గొలుసు పొడవుగల నేల ఒక గుంట. అనగా 121 చదరపు గజములు. నలుబది గుంటలు ఒక ఎకరము. పొలము నడుమ పొడవుగా ఒక ఆధార రేఖను పఱచి, దాని కిరువైపుల మూలమట్టముగా హద్దుల దూరములను కొలిచి, ఆ కొలతలతో ప్రతి సర్వే నంబరునకు ఒక చిన్న పటము గీచిరి. దానినే తెలంగాణమున టిప్పన్ అందురు. టిప్పన్లనుండి గ్రామపటము, సేత్వార్ అను మూల పట్టిక, దాని వెనుక ఏటేట వ్రాసెడి పహాణీలు పుట్టినవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని హక్కుల వివాదములలో మూలముగా చూపుదురు.

కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోయినచో కొలత మారిపోవును. అది ఒకప్పటి మద్రాసు రాష్ట్రపు నేల. అచ్చటి సర్వేవారి గొలుసు 66 అడుగులు. ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్ల గణితజ్ఞుడు 1620 ప్రాంతమున రూపొందించిన ఆ గొలుసునకు నూఱు లంకెలు. అచ్చట ఎకరమునకు నూఱు సెంట్లు. ఇచ్చటి ఒక గుంట అచ్చటి రెండున్నర సెంట్లు. పొలిమేర కిటునటు నున్న రెండు గ్రామముల పటములను కంప్యూటరులో ఒకచోట చేర్చునపుడు ఈ భేదమును మఱచి, 33 అడుగుల గొలుసును 66 అడుగుల గొలుసుగా ఎంచినచో, పొలము పొడవు రెట్టింపగును, విస్తీర్ణము నాలుగింతలగును. ఇంత పెద్ద పొరపాటు ఎవరి కంటికైనను తగులును. చిక్కు పెట్టునవి చిన్న పొరపాట్లు. గ్రామపటములు కాగితముమీదను, గుడ్డమీదను నిలిచిన వస్తువులు. అవి తేమకు సాగును, ఎండకు ముడుచుకొనును, మడతలవద్ద చినుగును. 1:5000 ప్రమాణమున గీచిన పటముపై అర మిల్లీమీటరు మందముగల గీత నేలమీద రెండున్నర మీటర్ల వెడల్పు. నూఱు మీటర్ల పొడవైన గట్టు వెంట ఆ మందమును లెక్కించినచో 250 చదరపు మీటర్లు, అనగా సుమారు రెండున్నర గుంటలు. ఒక గీత మందములో ఒక ఇల్లు కట్టుకొనునంత చోటు ఇమిడియున్నది!

ట్రేసింగునుండి పొరలకు

ఒక పటముపై మరియొకటి పఱచి చూచుట కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. జాన్ హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు 1842లో కనుగొన్న నీలి ముద్రణ పద్ధతి ఇంజనీర్ల చేతికి వచ్చిన పిదప, మూల పటమును వెలుతురును పోనిచ్చు ట్రేసింగు గుడ్డపై గీచి, దాని నకళ్లను తీయుట వాడుక యయ్యెను. సవరణ చేయవలసివచ్చినపుడు పాత ట్రేసింగుపై క్రొత్త ట్రేసింగును పఱచి, క్రింద దీపము పెట్టిన గాజుబల్లమీద రెంటిని కలిపి చూచుచుండిరి. కలిసిన గీతలు ఒక్కటిగా నుండును. కలియనివి జంటగా కనిపించును. ఏది పాతది, ఏది క్రొత్తది యనుట పనివాని జ్ఞాపకముపై ఆధారపడియుండెను.

నక్షత్రములను చూచువారు ఇట్టి పనికే మరియొక ఉపాయము పన్నిరి. ఒకే ఆకాశభాగమునకు కొన్ని దినముల ఎడముతో తీసిన రెండు ఛాయాచిత్రములను ఒక యంత్రమున పెట్టి, కంటికి ఒకదాని తరువాత ఒకటిగా త్వరత్వరగా మార్చి చూపుదురు. కదలని చుక్కలు కదలక నిలుచును. కదలినది మాత్రము అటునిటు గెంతును. అమెరికాలోని లోవెల్ వేధశాలలో క్లైడ్ టాంబా 1930 జనవరి 23, 29 తేదీలలో తీసిన చిత్రములను ఇట్లు పోల్చిచూచి, ఫిబ్రవరి 18న ప్లూటోను కనుగొనెను. వేలకొలది చుక్కలలో కదలిన ఆ ఒక్క చుక్కను చూపినది పోలిక.

1982లో ఆటోకాడ్ వంటి సాధనములు వచ్చిన తరువాత ట్రేసింగు గుడ్డల స్థానమును పొరలు ఆక్రమించినవి. పటములోని రోడ్లు ఒక పొర, కాలువలు ఒక పొర, హద్దులు ఒక పొర. కావలసిన పొరను తెఱచి, అక్కఱలేని దానిని మూయవచ్చును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు నీయవచ్చును. పాత పటమునంతటిని ఒక పొరగా చేసి క్రొత్తదాని క్రింద పఱచుటకు ఇంతకన్న అనువైన ఏర్పాటు లేదు. ఆటోకాడ్ 2019 ప్రతినుండి రెండు పటములను పోల్చు పనిని యంత్రమే చేయుచున్నది. రెంటిలోను ఉన్నదానిని బూడిదరంగున వెనుకకు నెట్టి, ఒకదానిలోనే ఉన్నదానిని ఎఱ్ఱగాను, రెండవదానిలోనే ఉన్నదానిని ఆకుపచ్చగాను చూపి, తేడా ఉన్న చోటనెల్ల మబ్బు ఆకారముగా చుట్టుగీత గీయును.

రెండు రంగుల కిటుకు

ఈ పనికి ఏ రెండు రంగులైనను చెల్లునా యనిన, చెల్లును. కాని కొన్ని జంటలు ఇతర జంటలకన్న బాగుగా పలుకును. తెల్లని కాగితము ఎఱ్ఱ, ఆకుపచ్చ, నీలి కాంతులన్నిటిని త్రిప్పి పంపును. ఎఱ్ఱ సిరా తక్కిన రెంటిని మ్రింగి ఎఱుపును విడుచును. ఆకాశనీలపు సిరా ఎఱుపును మ్రింగి తక్కిన రెంటిని విడుచును. ఈ రెండు సిరాలు ఒకే గీతపై పడినచో విడుచుట కేమియు మిగులదు; అచ్చట నలుపు పుట్టును. కావున పాత పటమును ఎఱ్ఱగా, క్రొత్త పటమును ఆకాశనీలముగా ముద్రించి కలిపినపుడు, మారని గీతలన్నియు తమంతట తామే నల్లబడును. తీసివేసినది ఎఱ్ఱగా మిగులును. చేర్చినది నీలముగా మిగులును. నల్లని నేపథ్యముగల తెరమీద కాంతులు కలియును గనుక అదే జంట కలిసిన చోట తెల్లని గీత వెలువడును.

దినపత్రిక చదువువారికి దీని మర్మము పరిచితమే. అచ్చు యంత్రమున ఒక రంగు పలక వెండ్రుకవాసి జరిగిన దినమున నాయకుని ముఖము చుట్టు ఎఱ్ఱని నీడ, చొక్కా అంచున నీలపు చాఱ కనిపించును. పాఠకుడు దానిని చూచి విసుగుకొనును. పటములను పోల్చువాడు ఆ నీడకొఱకే కాచుకొనియుండును.

తేడాను చదువుట

కాని నీడ కనబడినంత మాత్రమున నేలమీద మార్పు జరిగినదని చెప్పరాదు. ఇచ్చటనే అనుభవము కావలెను. పటమంతట ప్రతి గీతకు ఒకే వైపున ఒకే వెడల్పున ఎఱ్ఱని అంచు కనిపించినచో, పొలములు మారలేదు; పటమును పఱచుటలో జరుగుబాటు వచ్చినది. ఒక మూల రెండును కలిసియుండి, దూరము పోయినకొలది ఎడము పెరుగుచున్నచో, ప్రమాణమైనను తప్పినది, పటమైనను ఒరిగినది. అంతట నల్లగా నుండి ఏదో ఒక చోట మాత్రమే రంగులు విడిపోయినచో, అచ్చట నిజముగా మార్పు జరిగియుండవచ్చును.

అందుచేత పఱచుటకు ముందు కదలని గుర్తులను ఎన్నుకొనవలెను. మూడు గ్రామముల పొలిమేరలు కలియు చోట నాటిన రాయి ఉత్తమము. పురాతనమైన గుడి మంచి గుర్తు. సూర్యాపేట సమీపమున పిల్లలమఱ్ఱిలోని కాకతీయుల నాటి ఆలయములు ఎనిమిది వందల సంవత్సరములుగా నిలిచియున్నవి. చేదబావి పనికివచ్చును. చెట్టు పనికిరాదు. ఏటి ఒడ్డు బొత్తిగా పనికిరాదు. సూర్యాపేట ప్రక్కగా పాఱి వాడపల్లి వద్ద కృష్ణలో కలియు మూసీ ఒడ్డును గుర్తుగా పెట్టుకొని పటములను కలిపినచో, నది జరిగినంత మేర ఊరంతయు జరిగినట్లు చూపును. రెండు గుర్తులతో కలిపి, మూడవ గుర్తుతో సరిచూచుకొనుట కనీసపు జాగ్రత్త.

అంకెలవద్ద ఇంకొక ప్రమాదము పొంచియుండును. ఒక తూము వ్యాసము పాత పటమున 300 మిల్లీమీటర్లని, క్రొత్తదానిలో 800 మిల్లీమీటర్లని యున్నదనుకొందము. 8 అంకె 3 అంకెపై పడునపుడు కుడివైపు వంపులు కలిసి నల్లబడును. ఎడమవైపున మాత్రము రెండు చిన్న నీలి తునకలు మిగులును. తెరపై అవి దుమ్ము మచ్చలవలె నుండును. పటమున ఒక పెద్ద వృత్తము రంగు మారినచో చూపు అటు పరుగెత్తును. పొలమునకు రావలసిన నీటిని నిర్ణయించు ఈ తునకలు కంటబడకుండ పోవును. కావున పటము అడుగున కుడివైపున నుండు సవరణల పట్టికను చదువక రంగులను మాత్రమే నమ్ముట తగదు.

కాలువ గీచిన గీత

నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టిరి. మొదట 11,000 క్యూసెక్కుల నీటిని మోయు ఆ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములను దాటి పాలేరు జలాశయమునకు పోవును. కాలువకు ముందటి గ్రామపటమును, నేటి ఉపగ్రహ చిత్రమును రెండు రంగులలో కలిపి చూచినచో ఒక యుగము మారిన తీరు కనిపించును. పూర్వపు సర్వే నంబరులను లెక్కచేయక, నేల ఎత్తుపల్లములను అనుసరించి వంపులు తిరుగుచు పోయిన కాలువ, ఒక్కొక్క నంబరును మూడుగా చీల్చినది: పై ముక్క, క్రింది ముక్క, నడుమ ప్రభుత్వము తీసికొన్న ముక్క. కాలువకు క్రిందనున్న ఖుష్కి చెలకలు తరి మళ్లయినవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైనది. పైనున్న ముక్కకు నీరెక్కలేదు. ఒకే తండ్రి భూమిని పంచుకొన్న అన్నదమ్ములలో ఒకరి బ్రతుకు ఒక తీరుగా, మరియొకరి బ్రతుకు మరియొక తీరుగా మారుటకు ఆ ఒక్క గీత చాలినది.

2024 సెప్టెంబరు 1న భారీ వర్షములకు నడిగూడెం మండలములోని కాగిత రామచంద్రాపురము వద్ద ఎడమ కాలువ గట్టు తెగెను. కాలువ నీరు పొలములమీద పడినపుడు పైరుతోపాటు గట్లును కొట్టుకొనిపోవును. ఇసుక మేట వేయును. ఎవరి మడి ఎచ్చట ముగిసెనో చెప్పుటకు నేలమీద గుర్తు మిగులదు. అట్టి వేళ వరదకు ముందటి చిత్రమును, తరువాతి చిత్రమును, వాని క్రింద టిప్పన్‌ను మూడు పొరలుగా పఱచి చూచుట తప్ప వేఱు త్రోవ లేదు. 2005లో భారతదేశము ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రములలో ఒక చుక్క రెండున్నర మీటర్ల నేల. కాలువ అందులో స్పష్టముగా కనిపించును. అడుగున్నర గట్టు కనిపించదు. గట్టు సంగతి అణాలలో వ్రాసిన పాత టిప్పన్‌నే అడుగవలెను.

ఇరువదియొక్క దినములు

జాతీయ రహదారి కొఱకు భూమి తీసికొనుట 1956 నాటి చట్టము ప్రకారము జరుగును. ప్రభుత్వము గెజిటులో ప్రకటన చేయును. దాని సారాంశమును రెండు స్థానిక పత్రికలలో, అందొకటి ప్రాంతీయ భాషాపత్రికగా, ప్రచురింపవలెను. భూమియందు హక్కుగలవారు గెజిటు ప్రకటన వెలువడిన 21 దినములలో ఆక్షేపణ తెలుపవలెను. పూర్వము 9వ సంఖ్యతోను, ఇప్పుడు 65వ సంఖ్యతోను పిలువబడు హైదరాబాదు–విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోవును. ఆ దారి వెంట నున్నవారికి ఈ ప్రకటనలు క్రొత్తవి కావు.

పత్రికలో ఉండునవి సర్వే నంబరులు, విస్తీర్ణములు. అంచు ఎటు జరిగినది, బావి లోపల పడినదా వెలుపల నున్నదా, మిగిలిన ముక్కకు దారి యున్నదా యను సంగతులు అంకెలలో లేవు. అవి పటములో నున్నవి. ఆ పటము మొదటి ప్రతిపాదననుండి రెండు మూడు సవరణలు పొందియుండవచ్చును. కార్యాలయములో ఇంజనీరు పాత సవరణను ఎఱ్ఱగాను, క్రొత్త సవరణను నీలముగాను చూచుచుండును. రైతు చేతికి వచ్చునది నల్లని జిరాక్సు. అందులో ఎఱుపు నలుపే, నీలమును నలుపే. ఏ గీత తీసివేసినదో, ఏ గీత తన చెలకను కోయునదో అతనికి తెలియదు. ఇరువదియొక్క దినములు అట్లే గడచిపోవును.

దీనికి విరుగుడు కష్టసాధ్యమైనది కాదు. పాత గీతను తునుకలుగాను, క్రొత్త గీతను నిండుగాను గీచినచో రంగు పోయినను భేదము పోదు. ఎఱుపును, ఆకుపచ్చను వేఱుపఱచి చూడలేని కన్నులవారికిని అది మేలు. మారిన చోటునకు సంఖ్య వేసి, ఆ సంఖ్య యెదుట తెలుగులో ఒక వాక్యము వ్రాసినచో చాలును: ఇచ్చట అంచు తూర్పునకు నాలుగు మీటర్లు జరిగినది. ఆ ఒక్క వాక్యముతో ఆక్షేపణ వ్రాయుటకు కావలసిన ఆధారము రైతునకు దొరకును.

రంగు చెప్పనిది

తాళపత్రములను పరిష్కరించిన పండితులకు ఈ పనిలోని ధర్మము చిరపరిచితము. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌను ఒక కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చిచూపించి పాఠాంతరములను గుర్తింపజేసెను. రెండు ప్రతులు ఎచ్చట విడిపోయినవో పోలిక చూపును. కవి వ్రాసిన పాఠము ఏదో పోలిక చెప్పదు. దానికి ఛందస్సు, అర్థము, సంప్రదాయము తెలిసినవారు కూర్చుండి విచారింపవలెను. పటముల సంగతియు అంతే. ఎఱ్ఱ గీత పాతది గనుక సత్యము కాదు. నీలి గీత క్రొత్తది గనుక సత్యము కాదు. పాత టిప్పన్‌లో గొలుసువాని పొరపాటు ఉండవచ్చును. క్రొత్త పటములో కూర్చున్నచోటనుండి కదలక గీత గీచినవాని తొందర ఉండవచ్చును.

తెలంగాణమున 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయ్యెను. 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినవి. కాగితపు దస్త్రములు తెరమీదికి ఎక్కినవి. పేరు, ఖాతా, విస్తీర్ణము వెదకుట సులభమైనది. అయినను పేరునకును నేలకును నడుమ నుండునది పటమే. ఒక సర్వే నంబరులో పదిమంది పేర్లు, పదిమంది విస్తీర్ణములు సరిగా నున్నను, ఎవరి ముక్క ఎచ్చట నున్నదో చూపు గీత లేనిచో తగవు తీరదు.

కావున రెండు రంగుల పటము తీర్పు కాదు, ఫిర్యాదును కాదు. అది ఒక ప్రశ్న. రంగులు విడిపోయిన చోటనెల్ల ఎవరో ఒకరు పోయి నేలను చూడవలసియున్నది. పటమును చేతబట్టుకొని, ఇరుగు పొరుగు రైతులను పిలిచి, గ్రామము తెలిసిన పెద్దవారిని వెంటబెట్టుకొని, ఆ చోట త్రవ్విచూచినచో, మేట క్రిందనో, ముండ్లపొద మాటుననో పాత హద్దురాయి దొరకవచ్చును. దొరకినచో పటమును రాయినిబట్టి దిద్దవలెను. దొరకనిచో ఇరువురి సమక్షమున క్రొత్తది నాటి, ఆ దినపు తేదీతో పటమున గుర్తింపవలెను. అప్పుడుగాని రెండు రంగులు కలిసి ఒక్క నల్లని గీత కాదు.